పెన్ను కొస మట్టం చేయడం: నేను ఆలస్యంగా నేర్చుకున్న పని

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ సభలో ఒక విశ్రాంత ఫిట్టరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటామో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర లేదు. 1982లో ఆ రోజునే నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను యజమాని దయతో పడేసే దానం కాదని, మనం చేసిన సేవకు మనకు రావలసిన హక్కు అని చెప్పింది. ఆ సంగతి అధ్యక్షులవారు నాకంటే బాగా వివరించారు. మోకాళ్ళ నొప్పుల గురించి డాక్టరుగారు చెప్పారు. ఇక మిగిలింది నేను. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఇంట్లో తరిమెన పెట్టుకుని చెక్క పెన్నులు చేస్తున్నారట కదా, మన సభ్యులు కొందరు నేర్చుకుంటామంటున్నారు, ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. పెన్ను తయారీ మొత్తం పావుగంటలో చెప్పడం నా వల్ల కాదు. అందుకని అందులో ఒక్క మెట్టు తీసుకుంటాను. చెక్క ముక్క కొసను మట్టం చేయడం, అంటే స్క్వేర్ చేయడం. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. నేనూ అక్కడే తప్పు చేశాను. ఆ తప్పు ఎవరికి నష్టం కలిగించిందో ఆయన ఈ రోజు మూడో వరసలో కూర్చున్నారు. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను. పేరు మాత్రం వద్దన్నారు. మాస్టారు అంటాను.

మాస్టారికి చెయ్యి వణుకుతుంది. మనలో చాలామందికి ఎంతో కొంత ఉన్నదే. మామూలు సన్నటి బాల్‌పెన్ను ఆయన వేళ్ళ మధ్య నిలవదు. కాస్త లావుగా, కాస్త బరువుగా ఉన్నదైతే పట్టు దొరుకుతుంది. ఆయనకు డెబ్బై అయిదు నిండిన రోజున నేను ఒక పెన్ను చేసి ఇచ్చాను. పాత ద్వారబంధం టేకు. నడుము దగ్గర లావుగా ఉంచాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. వచ్చినవాళ్ళంతా చేతిలోకి తీసుకుని చూశారు. నేనూ కాస్త ఛాతీ విరుచుకున్నమాట నిజం.

మాఘమాసంలో ఇచ్చాను. ఎండలు ముదిరాక ఒక రోజు ఆయన బ్యాంకుకు వెళ్ళారు. ఏ బ్యాంకు అన్నది ఇక్కడ అనవసరం. డబ్బు తీసుకునే కాగితం మీద సంతకం పెడితే, "పాత సంతకంతో కలవడం లేదు మాస్టారూ, ఇంకోసారి పెట్టండి" అన్నారు కౌంటరులో. రెండోసారీ కలవలేదు. మూడోసారి కాస్త గట్టిగా అదిమి పెట్టబోతే పెన్ను ముందు భాగం ఊడి కౌంటరు కిందికి దొర్లింది. చెక్క నిలువునా చీలింది. వెనక వరసలో నిలబడ్డ కుర్రవాళ్ళు నవ్వారట. ఆయన కాగితం అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశారు. ఆ నెల ఆయన కొడుకు ఊళ్ళో దిగేదాకా డబ్బు తీసుకోలేదు.

నాకీ సంగతి తెలిసి వెళితే ఆయన అన్నమాట ఇది: "పెన్ను తప్పేం లేదయ్యా. నా చెయ్యే వణికి విరగ్గొట్టింది."

నేను ఆ విరిగిన ముక్కలు జేబులో వేసుకుని వచ్చాను. ఇంట్లో భూతద్దం కింద పెట్టి చూస్తే ఆయన చెయ్యి దోషం ఏమీ లేదు. కొస వంకరగా ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు మెషిన్ షాపులో ఫిట్టరుగా పనిచేసినవాడు చేసిన కొస అది.

ఎందుకు వంకర వచ్చిందో చెప్పే ముందు, ఈ పెన్ను లోపల ఏముంటుందో రెండు ముక్కల్లో చెప్పాలి. పెన్ను అనగానే మనకు రాజమండ్రి గుర్తుకొస్తుంది. కె.వి. రత్నం గారు 1930లలో అక్కడ స్వదేశీ ఫౌంటెన్ పెన్నులు చేయడం మొదలుపెట్టారు. కుమారప్పగారి ద్వారా గాంధీగారికి పెన్ను పంపితే 1935లో ఆయన జవాబు రాశారు. ఆ పెన్నులు ఎబొనైటు కడ్డీతో చేసేవి. గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు అది. కడ్డీని తరిమెనకు బిగించి, దాని మీదే చెక్కి, దాని మీదే తొలిచి, దాని మీదే కొస చదును చేస్తారు. అన్నీ ఒకే ఇరుసు మీద జరుగుతాయి కనుక కొస వంకర పోయే సందర్భం తక్కువ. మన పని వేరు. మనం కొనేది కిట్టు. అందులో రెండు ఇత్తడి గొట్టాలు, ముందు మొన, నడిమి పట్టీ, పైన క్లిప్పు, లోపల తిప్పుడు యంత్రం ఉంటాయి. చెక్కకు బెజ్జం వేసి గొట్టం అతికించి, ఆ తరువాత తరిమెన మీద గుండ్రంగా చెక్కి, రెండు కొసల్లోనూ లోహపు భాగాలు దిగ్గొట్టాలి. అంటే బెజ్జం ఒక యంత్రం మీద, కొస మరోచోట, గుండ్రం చేయడం ఇంకోచోట. మూడు చోట్ల జరిగే పనికి మూడు ఇరుసులు వచ్చి కూర్చుంటాయి. చిక్కంతా అక్కడుంది.

కొత్తవాళ్ళు సాధారణంగా మొదలుపెట్టే సన్నరకం కిట్టులో గొట్టం బయటి కొలత 7 మి.మీ., పొడవు 53 మి.మీ. దరిదాపు. చెక్క ముక్క ముప్పావు అంగుళం చదరం, అయిదు అంగుళాల పొడవు తీసుకుంటే రెండు గొట్టాలకూ సరిపోతుంది. దీన్ని బ్లాంకు అంటారు. రెండుగా కోసేటప్పుడు ప్రతి ముక్కా గొట్టం కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఆ ఎక్కువే తరువాత కొస మట్టం చేయడంలో పోతుంది. కోయకముందే పక్కన పెన్సిలుతో ఒక పొడుగు గీత గీయండి. లేకపోతే ఏ ముక్క పైదో ఏది కిందిదో తెలియక, చెక్క చార ఒకదానికొకటి కలవదు.

ఇప్పుడు నా తప్పు. బెజ్జం వేశాను. గొట్టం అతికించాను. కొస మట్టం చేయాలి. నేను ఫిట్టరును. నాకు మూలమట్టం ఉంది, ఆకురాయి ఉంది, ముప్ఫై నాలుగేళ్ళ గర్వం ఉంది. చెక్క పక్కకు మూలమట్టం ఆనించి, వెలుగు సందు కనబడకుండా కొసను ఆకురాయితో సాపు చేశాను. నాలుగు పక్కలా చూశాను. సరిగ్గా తొంభై డిగ్రీలు. షాపులో అయితే ఇన్‌స్పెక్టరు మెచ్చుకునేవాడు.

కాని తరిమెన మీదికి ఎక్కాక చెక్క పక్కలు ఉంటాయా? ఉండవు. అవన్నీ పొట్టుగా కింద పడిపోతాయి. చివరకు మిగిలేది గొట్టం, దాని చుట్టూ సన్నటి చెక్క పొర. కొస మట్టంగా ఉండవలసింది చెక్క పక్కకు కాదు, గొట్టం ఇరుసుకు. నేను కొలిచింది పారేసే భాగం నుంచి.

చెక్క పక్కా గొట్టమూ సమాంతరంగా ఉంటే ఏ గొడవా లేదు. కాని బర్మా ఎప్పుడూ నిటారుగా దిగదు. చెక్కలో గట్టి చార తగిలితే పక్కకు జరుగుతుంది. 55 మి.మీ. లోతులో కింది వైపు ఒక్క మిల్లీమీటరు పక్కకు తేలిందనుకోండి, అది దాదాపు ఒక డిగ్రీ. ఒక డిగ్రీ వంకర ఉన్న కొస, 8 మి.మీ. మందం దగ్గర 0.14 మి.మీ. సందు ఇస్తుంది. రాసుకునే కాగితం ఒకటిన్నర మందం. నడిమి పట్టీ దగ్గర రెండు ముక్కలూ ఎదురెదురుగా కలుస్తాయి కాబట్టి రెండు వంకరలూ ఒకే వైపు పడితే సందు రెట్టింపు. కంటికి ఆనకపోవచ్చు. గోరు పెట్టి లాగితే తగులుతుంది.

సందు ఒక్కటే అయితే అందం పోయిందిలే అని ఊరుకోవచ్చు. అసలు ప్రమాదం వేరే రెండు చోట్ల ఉంది. తరిమెన మీద ఈ ముక్కల్ని మాండ్రెలు అనే సన్నటి ఉక్కు కడ్డీకి గుచ్చి, బుష్‌ల మధ్య పెట్టి, నట్టు బిగిస్తాం. కొస వంకరగా ఉంటే నట్టు బిగించినప్పుడు కడ్డీ ఆ వంకరకు లొంగి వంగుతుంది. వంగిన కడ్డీ మీద చెక్కితే చెక్క ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా తయారవుతుంది. ఇది మొదటిది. రెండోది, మొన భాగాన్ని వైసులో పెట్టి లోపలికి నొక్కేటప్పుడు ఆ ఒత్తిడి కొస చుట్టూ సమంగా పంచుకోవాలి. వంకర కొసలో ఎత్తుగా ఉన్న ఒక్క చోటే మొత్తం భరిస్తుంది. అది పలచటి పక్క అయిందో, వెంట్రుక వాసి పగులు పడుతుంది. పాలిషు కింద ఆ పగులు కనబడదు. మన మెట్టలో రోహిణి కార్తె దాకా ఆగక్కర లేదు, చైత్రం చాలు, చెక్క ఆరిపోయి పగులు నోరు తెరుస్తుంది. మాస్టారి పెన్ను చరిత్ర ఇంతే. బ్యాంకులో విరగడానికి రెండు నెలల ముందే, నా వైసులోనే విరిగింది.

కాబట్టి కొస మట్టం చేసే సాధనం ఏదైనా సరే, అడగవలసిన ప్రశ్న ఒకటే. ఇది గొట్టాన్ని పట్టుకుని కొలుస్తోందా, చెక్కను పట్టుకుని కొలుస్తోందా? గొట్టాన్ని పట్టుకునేదైతే చౌకదైనా మంచిదే.

బజారులో దొరికే సాధనాల్లో ఎక్కువమంది వాడేది బ్యారెల్ ట్రిమ్మరు. ఒక సన్నటి కడ్డీ, దాని మెడలో నాలుగు లేదా ఆరు పళ్ళ చక్రం. కడ్డీ గొట్టంలోకి దూరుతుంది, పళ్ళు కొసను గీస్తాయి. కడ్డీ, పళ్ళు ఒకే ఇరుసు మీద ఉంటాయి గనుక కొస దానంతట అదే గొట్టానికి మట్టంగా వస్తుంది. దీనికి మూడు శత్రువులు. ఒకటి, గొట్టం లోపల గడ్డకట్టిన జిగురు. ఆరల్డైటు పూసి గొట్టం దూర్చేటప్పుడు లోపలికి కొంత వెళ్ళిపోతుంది. దానికి నేను చేసేది, పచ్చి బంగాళాదుంపను అరంగుళం బిళ్ళగా కోసి గొట్టం కొసతో ఒక్క పోటు పొడవడం. దుంప ముక్క బిరడాలాగా కూర్చుంటుంది. జిగురు ఆరాక పుల్లతో తోసేస్తే సరి. మా ఇంటావిడకు మాత్రం ఈ ఖర్చు నచ్చలేదు. జిగురుకు రాత్రంతా సమయం ఇవ్వండి. గొట్టం బయటి వైపు ముందుగా ఉప్పు కాగితంతో గరుకు చేయడం మరవకండి, నున్నటి ఇత్తడికి జిగురు అంటదు.

రెండో శత్రువు మొద్దుబారిన పళ్ళు. టేకులో ఇసుక గుణం ఉంది, సిలికా అంటారు. నాలుగు పెన్నులకే పదును పోతుంది. మొద్దు పళ్ళు చెక్కను కోయవు, పీకుతాయి. కొస అంచున పెచ్చు లేస్తుంది. చిన్న డైమండు ఆకురాయితో పళ్ళ చదును ముఖం మీద రెండు మూడు సార్లు రాస్తే చాలు. కొసకు పలచటి ఫెవిక్విక్ లాంటి జిగురు ఒక చుక్క తాగించి ఆరనిచ్చి, తరువాత గీస్తే పెచ్చు లేవడం తగ్గుతుంది. మూడో శత్రువు తొందర. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి, చెయ్యి తేలిగ్గా ఆనాలి. డ్రిల్లు అసలు లేకుండా, ట్రిమ్మరుకు పిడి తగిలించి చేత్తో తిప్పినా పని జరుగుతుంది. మన వయసుకు అదే మేలని నేనంటాను.

ఎక్కడ ఆపాలి? కొస మీద పెన్సిలుతో అడ్డంగా నిలువుగా గీతలు గీయండి. గీతలన్నీ పోయి, ఇత్తడి అంచు చుట్టూ సన్నటి ఉంగరంలాగా మెరిసిందా, ఆపేయండి. అక్కడి నుంచి ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే పోయేది చెక్క కాదు, గొట్టం పొడవు. తిప్పుడు యంత్రం ఎంత లోతు దిగాలో, రీఫిలు మొన ఎంత బయటకు రావాలో ఆ పొడవు మీదే లెక్క. పొట్టి చేసిన గొట్టాన్ని మళ్ళీ పొడుగు చేసే విద్య నాకు తెలియదు. ఉంగరం సగమే మెరిసి, రెండో సగం చెక్క కింద ఉండిపోతే మాత్రం కడ్డీ గొట్టంలో వదులుగా ఆడుతోందని గ్రహించండి. లావు గొట్టాల కిట్టుకు సన్న కడ్డీ వాడితే ఇదే జరుగుతుంది. అప్పుడు కడ్డీకి సరిపడా తొడుగు వేయాలి.

తిరిగే సాండింగు డిస్కు మీద కొస అరగదీసే పద్ధతి కూడా ఉంది. గొట్టంలో దూరే కడ్డీని డిస్కుకు సరిగ్గా లంబంగా నిలబెట్టి, దానికి ముక్కను గుచ్చి తోయాలి. త్వరగా అవుతుంది. వేడి కూడా త్వరగానే పుడుతుంది, వేడికి జిగురు మెత్తబడి గొట్టం కదులుతుంది. డిస్కు ఉన్నవాళ్ళు మనలో ఎందరు? కాబట్టి దాన్ని వదిలేద్దాం.

నేను మీకు సిఫార్సు చేసేది కరెంటు అక్కర లేని చేతి దిమ్మ. గట్టి చెక్క దిమ్మ ఒకటి తీసుకోండి, రెండంగుళాల మందం. ఊళ్ళో నిలువు డ్రిల్లింగు మెషిన్ ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా దానికి నిటారుగా ఒక బెజ్జం వేయించండి. అందులో గొట్టంలో బిగువుగా జారే కడ్డీ ఒకటి దిగ్గొట్టండి. సన్నరకం గొట్టం లోపలి బోలు 6 మి.మీ. పైచిలుకు ఉంటుంది. 6 మి.మీ. నున్నటి ఉక్కు కడ్డీకి ఒకటి రెండు చుట్లు సెల్లోటేపు చుడితే ఆట పోతుంది. దిమ్మ ముఖం మీద 120 నంబరు ఉప్పు కాగితం, మధ్యలో బెజ్జం చేసి అంటించండి. ఇప్పుడు బ్లాంకును కడ్డీకి గుచ్చి, కాగితానికి ఆనించి, చేత్తో తిప్పుతూ రుద్దండి. అంతే.

తిప్పుతూ అన్నమాట గుర్తుంచుకోండి. తిప్పకుండా ఒకే వాలున రుద్దితే, దిమ్మ ముఖంలో ఉన్న వంకర మీ కొసకు అంటుకుంటుంది. చుట్టూ తిప్పుతూ రుద్దితే, దిమ్మ ముఖం కొంచెం వాలుగా ఉన్నా ఆ వాలు అన్ని వైపులా సమంగా పంచబడుతుంది. కొస మహా అయితే గొడుగు నెత్తిలాగా కొద్దిగా వాలుతుంది గాని ఒక పక్కకు ఒరగదు. గొడుగు వాలు వచ్చిందంటే దిమ్మను మూలమట్టంతో మళ్ళీ చూసుకోవాలి. ఇక్కడ మూలమట్టానికి పని ఉంది. కడ్డీకి, దిమ్మ ముఖానికి మధ్య రెండు దిక్కులా ఆనించి చూడండి.

నందిగామ నుంచి వచ్చే సోదరి ఒకరు ఈ దిమ్మ మీద చేసిన మొదటి పెన్నే కొస సందు లేకుండా వచ్చింది. టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరయ్యారు. జన్మలో ఆకురాయి పట్టలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. నాకు కుళ్ళు పుట్టిందని దాచడం దేనికి?

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన కొలత పరికరాలు వద్దు. రెండు ముక్కలనూ ఒకే కడ్డీకి గుచ్చి, కొసలు ఒకదానికొకటి ఆనించి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. ఒక ముక్కను కదలనీయకుండా రెండోదాన్ని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడా వెలుగు సందు రాకపోతే రెండూ మట్టమే. ఒక చోట సందు మూసుకుని, సగం చుట్టు తిరిగేసరికి తెరుచుకుంటే ఒకటో రెండో వంకర. ఏది వంకరో తేలాలంటే కడ్డీకి ఒక మంచి బుష్ గుచ్చి విడివిడిగా దాని ఎదుట తిప్పి చూడండి. ఈ పరీక్ష నేను మొదటి పెన్నుకు చేసి ఉంటే అర నిమిషంలో నా బండారం బయటపడేది.

చెక్క గురించి ఒకటి రెండు మాటలు. 2022లో మన ప్రాంతాన్ని ఎన్.టి.ఆర్. జిల్లాలో చేర్చారు గాని, నా నోటికి ఇంకా కృష్ణా జిల్లా మెట్ట అనే వస్తుంది. ఈ మెట్టలో పెన్నుకు పనికొచ్చే చెక్కకు కొదవ లేదు. నల్లతుమ్మ మేలు రకం. వెనక బండి చక్రాలకు, నాగళ్ళకు వాడిందే. ఎవరి దొడ్లోనైనా పాత చక్రపు ఆకు మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకోండి, ఏళ్ళ తరబడి ఆరి ఉంటుంది. చింత చేవ ఇనుము లాంటిది, ట్రిమ్మరు పళ్ళకు శిక్ష. వేప పరవాలేదు. మన పక్కనే కొండపల్లి ఉందని, బొమ్మలు చేసే తెల్లపొణికి తెచ్చారొకరు. అది చెక్కి అతికించే బొమ్మలకు సరిపోయేంత తేలిక చెక్క. లోహం నొక్కే కొసకు ఆగదు. విశాఖ వైపు ఏటికొప్పాకలో తరిమెన మీద లక్క బొమ్మలు చేసే అంకుడు కర్ర మాత్రం సన్నటి చారతో చక్కగా తిరుగుతుంది. ఎర్రచందనం ముక్క ఉంది తీసుకోమని ఎవరైనా ఆశ పెడితే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఈ వయసులో మనకు అటవీ శాఖ కేసు ఒకటి తక్కువైందా? ఏ చెక్కైనా పచ్చిది వద్దు. పచ్చి చెక్కకు ఈ రోజు చేసిన మట్టం నెల తరువాత ఉండదు.

ఇక ప్రాణానికి సంబంధించిన సంగతి. మనలో సగం మంది రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాం. చిన్న గాటు పడితే గంటసేపు ఆగదు. కాబట్టి కరెంటు డ్రిల్లుకు ట్రిమ్మరు తగిలించినప్పుడు బ్లాంకును చేత్తో పట్టుకోవద్దు. పళ్ళు చెక్కను పట్టేసుకున్నాయంటే చదరపు ముక్క వేళ్ళ మధ్య గిర్రున తిరుగుతుంది. వైసులో, రెండు చెక్క పలకల మధ్య బిగించండి. నా ఎడమ బొటనవేలు చూడాలనుకున్నవాళ్ళు సభ అయ్యాక చూడవచ్చు. తరిమెన దగ్గరికి వెళ్ళేటప్పుడు భుజం మీది కండువా తీసి మేకుకు తగిలించండి. లుంగీతో వద్దు. కళ్ళద్దాలు ఉన్నా పైన ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. కరోనా పుణ్యమా అని అందరి ఇళ్ళలోనూ మిగిలే ఉన్నాయి. టేకు పొడికి కొందరికి ఒళ్ళు దురద, కొందరికి ఉబ్బసం. దగ్గు వస్తే ఆ చెక్క మీకు పడదని తెలుసుకుని మానేయండి.

మళ్ళీ మాస్టారి దగ్గరికి వస్తాను. విరిగిన ముక్కల్లో నా తప్పు కనబడ్డాక ఆయనకు చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ ఆయన ఎక్కడా సంతకం పెట్టకుండా తప్పించుకు తిరిగారు. మన సంఘం హాజరు పుస్తకంలో కూడా పక్కవాళ్ళ చేత పేరు రాయించారు. ఏటా బతికున్నామని ఇచ్చే ధ్రువీకరణ ఇప్పుడు వేలిముద్రతోనో, ఫోనులో మొహం చూపించో అయిపోతోంది కాబట్టి ఆ ఇబ్బంది తప్పింది గాని, బ్యాంకు కాగితం సంగతి అలా కాదు. ఆ పుస్తకంలో ఆయన పేరు ఇంకొకరి దస్తూరీతో చూసిన రోజున నేను ఇంటికి వెళ్ళి దిమ్మ చేయడం మొదలుపెట్టాను.

రెండో పెన్ను నల్లతుమ్మతో చేశాను. మూడు జతల బ్లాంకులు పాడుచేసి నాలుగో జత తీసుకున్నాను. వెలుగుకు పెట్టి మూడుసార్లు తిప్పి చూశాను. మొన భాగం వైసులో దిగేటప్పుడు ఎక్కడా ఎదురు తిరగలేదు, మెత్తగా దిగింది. తీసుకెళ్ళి ఇచ్చి, పాత ముక్కలు కూడా పక్కన పెట్టి, భూతద్దం చేతికిచ్చాను. ఇదుగో మాస్టారూ, ఇక్కడ వంకర, ఇది నా పని, మీ చెయ్యి కాదు అన్నాను. ఆయన చాలాసేపు చూశారు. "అయితే ఆ రోజు ఇంకోసారి పెట్టాల్సింది" అన్నారు. తరువాత లోపలికి కేకేసి కోడలిని కాగితం తెమ్మన్నారు.

వణుకు ఉంది. పోదు. పెన్ను దాన్ని మాన్పదు. బ్యాంకులో కొత్త నమూనా సంతకం ఇచ్చి వచ్చారు. వాళ్ళు మర్యాదగానే తీసుకున్నారని చెప్పారు. ఈ ఉదయం హాజరు పుస్తకంలో పదకొండో నంబరు దగ్గర ఉన్న సంతకం ఆయన పెట్టిందే.

దిమ్మను, ట్రిమ్మరును, వంకర కొస ఉన్న ఆ పాత ముక్కలను కూడా ఈ సంచిలో తెచ్చాను. భోజనాల తరువాత వరండాలో బల్ల మీద పెడతాను. నేర్చుకోవాలనుకునేవారు ఆదివారం ఉదయం మా ఇంటికి రావచ్చు, ఎవరి ఆరిన చెక్క వారు తెచ్చుకోవాలి. బంగాళాదుంప కూడా ఎవరిది వారే తెచ్చుకోవాలని ఇంట్లో హుకుం.